చాయ్ తినేది కాదు గదా

పోయినవి ముందు చెబుతాను. ఒక అపెండిక్స్. ఆరు కిలోల బరువు. పై వరుసలో ఒక పన్ను, అంచు మాత్రమే. నెల రోజుల గొంతు. కుట్టకుండా తిప్పి పంపిన పదిహేడు జాకెట్లు. నేను బడికి పోయింది తక్కువ. లెక్కలన్నీ కొలత టేపు పట్టుకుని నేర్చుకున్నవే, అందుకే ఏది చెప్పినా లెక్కతో మొదలుపెడతాను.

మాది నెల్లికుదురు. ఒక పొద్దున గుడ్డ కత్తిరిస్తుంటే బొడ్డు చుట్టూ నొప్పి లేచింది. గ్యాస్ అనుకుని వాము నమిలాను. సాయంత్రానికి ఆ నొప్పి కుడివైపుకు దిగి అక్కడే కూర్చుంది. మిషన్ తొక్కడానికి కాలు ఎత్తలేకపోయాను. తెల్లారి మా ఆయన ఆటోలో మహబూబాబాద్ తీసుకుపోయాడు. దారిలో గుంత వచ్చినప్పుడల్లా నాకంటే ముందు ఆయనే "అబ్బా" అన్నాడు.

అక్కడ ఒక దవాఖానలో సర్జన్ నా కడుపు మీద నొక్కి వదిలాడు. నొక్కినప్పటికంటే వదిలినప్పుడే ప్రాణం పోయినట్టయింది. "అపెండిక్స్. పగిలేటట్టు ఉన్నది. స్కాన్ చూసి ఇయ్యాల్నే ఆపరేషన్ చేస్తం. ఏం తినకు" అన్నాడు.

స్కాన్ గది బయట కూర్చుంటే మా ఆయన చాయ్ తెచ్చాడు.

"తినొద్దన్నరు గదయ్యా."

"చాయ్ తినేది కాదు గదా, తాగేది. జర గొంతు తడుపుకో, పానం నిలబడ్తది."

ఆ లెక్క నాకూ సరిగ్గానే తోచింది. గ్లాసు నిండా పాల చాయ్, చివరి గుక్క దాకా తాగాను.

టేబుల్ మీద పడుకోబెట్టాక మత్తు డాక్టరమ్మ నా తల దగ్గర నిలబడి అడిగింది. "పొద్దటి సంది ఏమన్న తిన్నవా అమ్మా?"

"లేదు మేడం."

మాట అబద్ధం కాదు. కానీ చాయ్ ఇంకా కడుపులో కదులుతున్నట్టే ఉంది. చెబితే బయట తలుపుకు ఆనుకుని నిలబడ్డ మనిషిని పిలిచి తిడతారని భయం. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. ఆమె సిరంజి చేతిలోకి తీసుకునేసరికి నోరు తెరిచాను. "మేడం, చాయ్ తాగిన. మా ఆయన తప్పేం లేదు."

ఆమె చెయ్యి ఆగింది. తిట్టలేదు. "చెప్పి మంచి పని చేసినవ్. మత్తుల ఉన్నప్పుడు ఆ చాయ్ పైకొచ్చి ఊపిరితిత్తులల్లకు పోతే మనిషి దక్కుడు కష్టం. ఆగుదామంటే అపెండిక్స్ ఆగదు. సిస్టర్ నీ మెడ మీద నొక్కుతది, అట్ల అన్నం దారి మూసుకొని చాయ్ పైకి రాదు, భయపడకు. దాన్ని క్రికాయిడ్ ప్రెషర్ అంటం."

సిస్టర్ చిన్న వయసు పిల్ల. మూడు వేళ్లు నా గొంతు మీద పెట్టింది. డాక్టరమ్మ చూసి సరిచేసింది.

"అది గాదు, అది థైరాయిడ్, గొంతు ముందటి గట్టి ముడి. మొగోళ్లకైతే అది ముందుకు పొడుసుకొస్తది, చూస్తనే దొరుకుతది. దాన్ని బట్టి కిందున్న క్రికాయిడ్ పట్టుకోవచ్చు. ఆడోళ్లకు మెడ సాఫుగ ఉంటది, కంటికి తెలువది. వేలుతోనే ఎతకాలె. కిందికి జరుపు. ఇంకొంచెం. ఆఁ, గది."

వేళ్లు దిగాయి. వట్టిగా ఉండలేక, "మెల్లగ సిస్టర్, అది మెడ, టిచ్ బటన్ కాదు" అన్నాను. ఆ పిల్ల వేళ్లు నవ్వుకు వణకడం వరకే నాకు గుర్తు.

మెలకువ వచ్చాక నోట్లోంచి మాట రాలేదు, గాలి వచ్చింది. రెండు రోజులు ఛాతీకి ఎక్స్‌రేలు తీశారు. చాయ్ ఊపిరితిత్తుల్లోకి పోలేదు. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మొదట సిస్టర్ మగవాళ్లకు పెట్టినంత బలం పెట్టిందట. ఊపిరి దారి ఒరిగి, మత్తులో గొంతులోకి వేసే ఊపిరి ట్యూబ్ పోలేదు. తాను "కొంచెం వదులు" అన్నాకే పోయిందట. పన్ను అంచు విరిగిందీ, గొంతు గీసుకుందీ అప్పుడే. "ఆడోళ్లకు అంత జోరు అక్కర ఉండదు. అసలు ఈ నొక్కుడు ఎంతవరకు పనిచేస్తదో మా డాక్టర్లల్లనే ఇంక వాదన ఉన్నది. నీకైతే గండం గడిచింది."

మర్నాడు సిస్టర్ వచ్చి మంచం పక్కన నిలబడింది. మొహం చిన్నబోయింది. "అక్కా, ఇంకోసారి సూడనా? సరిగ్గ నేర్చుకుంట."

మా ఆయనను స్టూల్ మీద కూర్చోబెట్టాం. ఆయన మెడ మీద ఆమెకు ఆ నొక్కే చోటు వెంటనే దొరికింది. నా మెడ మీద వెతుకుతుంటే ఆయన, "పుస్తె కట్టిననాడు నేను కూడ గింత ఎతకలే" అన్నాడు. నవ్వితే కుట్లు గుంజాయి. నవ్వు ఆగలేదు.

"దొరికింది" అంది ఆ పిల్ల. తర్వాత నా చెవి దగ్గర వంగి, "నీ చాయ్ ఆపనీకి నా వేళ్లు గుంజినయి. నాకో చాయ్ బాకీ ఉన్నవ్ అక్కా" అంది.

కోలుకోవడానికి జనగామలో మా అక్క ఇంటికి పోయాను. "పుట్టి బుద్ధెరిగిన సంది మొదటిసారి నా మాట అడ్డం లేకుండ సాగుతున్నది" అని మా అక్క సంబరపడింది. నెలకు గొంతు తిరిగి వచ్చింది, కొంచెం బొంగురుగా. ఇప్పుడు మళ్లీ మిషన్ తొక్కుతున్నాను. మెడ కొలత తీసేటప్పుడు మాత్రం టేపు ఒక్క క్షణం ఆగుతుంది.

మీకు చెప్పేది ఒకటే. ఆపరేషన్ ముందు ఏం తిన్నారని అడిగితే, గొంతు దిగిందంతా చెప్పండి. చాయ్, మజ్జిగ, మాత్ర మింగిన నీళ్లు, అన్నీ. ఎవరినో కాపాడుదామని దాచకండి.

సిస్టర్ ఇప్పుడు భూపాలపల్లిలో పనిచేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. పోయిన వారం, "అక్కా, ఇయ్యాల ఒకామెకు మొదటిసారికే దొరికింది" అంది. ఫోన్ పెట్టేసే ముందు ఎప్పటిలాగే అడిగింది, "నా చాయ్ ఏది?" అని.

పోయినవన్నీ పైన రాశాను. ఇంకా ఇయ్యాల్సింది, ఒక గ్లాసు చాయ్.