ఈసారి లైట్లు తక్కువ

మహాజనులారా, మీ చల్లని సాయంకాలాన్ని భగ్నం చేస్తున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

సముద్రంలో చేపల వేటకు పోయే మా నాయన కొన్నాళ్లుగా ఎడమ పక్కనున్నవాటినల్లా గుద్దుకుంటున్నాడని, ఈ రోజు మైపాడు నుంచి నెల్లూరు కంటి ఆసుపత్రికి లాక్కెళ్లాను. అక్కడ ఒక మిషన్‌కు గడ్డం ఆనించి, చూపు మధ్యలోనే నిలిపి, పక్కన లైటు వెలిగితే బటన్ నొక్కమన్నారు. నాయన వెలిగిన ప్రతి లైటు వైపూ తిరిగాడు.

"కదలబాకండి పెద్దాయనా," అంది పరీక్ష చేసే అమ్మాయి.

"సముద్రంలో పక్కన లైటు కనబడితే తిరిగి చూడకుంటే పడవలు గుద్దుకోవా పాపా?"

నేను పగలబడి నవ్వాను. రెండోసారి నాయన బొమ్మలా కూర్చున్నాడు. లేస్తూ, "ఈసారి లైట్లు తక్కువ ఏసినావే," అన్నాడు.

"అన్నే ఏసినాను పెద్దాయనా," అంది ఆ అమ్మాయి మెల్లగా.

డాక్టరు గారు నీటికాసులన్నారు, అదే గ్లాకోమా. ఎడమ కంటిలో పోయిన చూపు ఇక రాదట. మిగిలింది నిలవాలంటే రోజూ చుక్కల మందు వేయాలట, రాత్రి వేట మానాలట. ఊరందరి మీదా జోకులేసే నేను మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నా కళ్లకేం, బాగానే ఉండాయి" అనే పెద్దలు మీ ఇంట్లోనూ ఉంటే, ఎలా ఒప్పించి తీసుకెళ్లారో రాయండి. మేం ఆలస్యం చేశాం.

ఇంతకీ నేను చేసింది ఒక్కటే. బస్టాండుకు నడుస్తూ ఆయన ఎడమ పక్కకు మారాను. అటువైపుంటే ఆయనకు నా మొహం కనిపించదు.