పెద్దమ్మకు నేను చదవని మాటలు

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాటను లోపల పెట్టుకుని తిరిగాను. నాకున్నవాటన్నిటికీ దేవుడికి దండం పెట్టుకుంటాను. ఇల్లు నిలబడింది, పిల్లలు కళ్లెదుటే ఉన్నారు, ఒంట్లో ఓపిక ఉంది. ఈ ఒక్కటి మాత్రం ఆయన ముందు కూడా నోరు తెరిచి చెప్పలేదు. మీకు చెప్తున్నాను.

చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ బొగ్గు గని క్వార్టర్లలో పెద్దమ్మది మా పక్కిల్లు. చుట్టం కాదు, అలా పిలుచుకునేదాన్ని. భర్త లేడు, ఒక్కడే కొడుకు. మరాఠీ బడిలో చదివి ఫౌజులో ఆఫీసరయ్యాడు. సరిహద్దు కొండల మీద యుద్ధం మొదలైనప్పుడు అతనికి ఇంకా మీసం సరిగా రాలేదు. కందకంలో కూర్చుని తల్లికి ఉత్తరాలు రాసేవాడు. తెలుగు రాయడం రాదు కదా, మాటలు తెలుగువి, అక్షరాలు మరాఠీవి. పెద్దమ్మకు ఏ అక్షరమూ రాదు. నేను బడికి పోలేదు గానీ, మా నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి రెండు రాతలూ నేర్పాడు. అందుకే చదివే పని నాది. జవాబు రాసే పనీ నాదే.

ఉత్తరం రాగానే పెద్దమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టి నా చేతికిచ్చేది. మా క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లంతా అరుగు మీద చేరేవారు. బాగా చదువుతానని మెచ్చుకునేవారు. నాకది ఇష్టంగా ఉండేది. చాలా ఇష్టంగా.

ఆ రోజు ఉత్తరంలో అతను వేరేగా రాశాడు. ఒక జవాను తన ఒళ్లోనే ప్రాణం వదిలాడట. అప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయట. "ఆఫీసర్ని గదా, ఎవరి ముందల ఏడ్వరాదు. నీకొక్కదానికే చెప్తున్ననమ్మా. ఏమన్న ఒక్క మాట రాయి."

ఇదంతా కళ్లతోనే చదివి, పైకి చదవకుండా ఆగాను.

"ఏంది బిడ్డా, ఆగినవ్?" అంది పెద్దమ్మ.

"అక్షరాలు కలిసిపోయినయి పెద్దమ్మా."

"మరాఠోళ్ల పిల్లను చూస్కున్నడేమో! గది సదవనీకి సిగ్గైతున్నట్టుంది," అంది ఎదురింటామె. అందరూ నవ్వారు.

"ఊకోండ్రే. నా కొడుకు మంచిగున్నడా, గది చెప్పు."

"మంచిగున్నడు పెద్దమ్మా. ఆకలి మస్తయితుందట. నీ పచ్చిపులుసు యాదికొస్తుందట."

ఆమె ముఖం వెలిగింది. జవాబు ఆమె చెప్పినట్టే రాశాను. కడుపు నిండా తిను బిడ్డా, వస్తే పచ్చిపులుసు చేస్తా, పక్కింటి మేక ఈనింది. అక్కడ వణుకుతున్న చేతుల్లోకి అది చేరింది.

ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో నేను మార్చాల్సిన పని లేకపోయింది. బాగున్నాను. తింటున్నాను. నువ్వు జాగ్రత్త. నేను కల్పించి చదివినటువంటి మాటలే అతను రాయడం మొదలుపెట్టాడు.

దయతో చేశానా? చాలా ఏళ్లు అలాగే చెప్పుకున్నాను. దయే అయితే, అందరూ లేచిపోయాక ఆమె ఒక్కదానికే మెల్లగా చదివి ఉండొచ్చు కదా? జవాబు కింద నా తరఫున ఒక్క ముక్క రాసి ఉండొచ్చు కదా? ఆ అరుగు మీద నవ్వు ఆగిపోతుందని, నా చదువు విని మెచ్చుకునేవాళ్లు ఏడుస్తూ ఇళ్లకు పోతారని భయపడ్డాను. కొడుకు భయాన్ని మోసే బలం ఆ తల్లికి లేదని తేల్చడానికి నేనెవరిని?

దేవుడి దయ, అతను తిరిగొచ్చాడు. నౌకరీ ముగించి ఇప్పుడు చంద్రపూర్‌లోనే తల్లితో ఉంటున్నాడు. ఆమెను కళ్లలో పెట్టుకుని చూసుకుంటాడు. కానీ "నా కొడుకుకు భయమంటే ఏందో ఎర్క లేదు" అని ఆమె నలుగురిలో అన్నప్పుడల్లా లేచి బయటికి పోతాడు. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు అలాగే లేచి గేటు దగ్గరికి పోయాడు. వెనకే వెళ్లాను. అంతా చెప్పేశాను.

గేటు గడియ వేసి నా వైపు తిరిగాడు.

"అంటే, అమ్మ ఇననే లేదా అక్కా?"

"లేదు తమ్మీ. నేనే సదవలే."

అతను లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. తల్లికి చెప్పాడో లేదో తెలియదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే అది అతని ఇష్టం. క్షమించమని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. కానీ అతను తల్లికి రాసుకున్న మాట ఇన్నేళ్లు నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడది వాళ్లింట్లో ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి, చాలా రోజుల తర్వాత ఆకలేసి, మారు అన్నం పెట్టుకుని తిన్నాను.