బానెట్ కింద టకటక

నేను ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి. అయినా ఊరంతా కంప్యూటర్ కోర్సుల కోసం ఎగబడే అమీర్‌పేట గల్లీలోనే షెడ్డు పెట్టాను. మేడ మీద వాళ్ళు మూడు నెలల్లో ఇంజనీర్లయిపోయేవారు. కింద నేను ఇంజన్లు విప్పేవాణ్ణి.

శబ్దం వస్తోందని ఎవరొచ్చినా ముందు బానెట్ ఎత్తేవాణ్ణి కాదు. ఆ శబ్దాన్ని నోటితో చేసి చూపించమనేవాణ్ణి. కిర్రుమంటే బెల్టు, గరగరమంటే బేరింగు. సగం రోగం అక్కడే తెలిసిపోయేది. మిగతా సగం నేను నవ్వుకోవడానికి.

ఒకరోజు మధురానగర్ నుంచి రిటైరైన లెక్చరర్ గారు, ఆయన భార్య వచ్చారు. వారం కిందటే వాళ్ళ పాత కారు ఇంజన్ మొత్తం విప్పి కట్టాను. నాకు పని నేర్పిన ఉస్తాద్ పక్కన లేకుండా నేనొక్కణ్ణే చేసిన మొదటి ఇంజన్ అది.

"ఏంటయ్యా ఇది, ఇంజన్ టకటకా కొట్టుకుంటోంది! పంజాగుట్టలో పెద్ద షెడ్డులో చూపిస్తే బేరింగ్ పోయింది, మళ్ళీ విప్పాలన్నారు."

మళ్ళీ విప్పితే ఆ గల్లీలో నా పని అయిపోయినట్టే. అయినా ముఖంలో నవ్వు చెదరనివ్వలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఎట్లొస్తుందో జర నోటితోని చేసి చూపెట్టుండ్రి."

"నోటితోనా? ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణయ్యా నేను!"

"గందుకే అడుగుతున్న సార్. నోటి పని మీకు అలవాటే గద."

ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు. ఆమె మాత్రం "మీరుండండి" అని ముందుకొచ్చి, "టక్... టక్కు టక్... టకటకటక... టక్" అంది. మేడ మెట్ల మీద కోర్సు పిల్లలు ఆగిపోయి చూశారు.

నా చెవి నిక్కింది. బేరింగ్ కొడితే ఇంజన్‌తో పాటే కొడుతుంది, ఒకే దరువు. ఈమె దరువు ఎక్కడా కుదురుగా లేదు. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా షెడ్డులో చప్పుడే రాలేదు.

ముగ్గురం కార్లో ఎర్రమంజిల్ దాకా పోయి తిరిగాం. పంజాగుట్ట వైపు దిగుతుంటే మొదలైంది, అచ్చం ఆమె చేసినట్టే.

"సార్, న్యూట్రల్ చెయ్యుండ్రి."

ఇంజన్ తగ్గింది. చప్పుడు తగ్గలేదు. నా ప్రాణం కుదుటపడింది. నా ఇంజన్ తప్పేమీ లేదు, ఇదేదో గాలికి ఊగుతోంది.

పక్కకు ఆపించి బానెట్ ఎత్తాను. రేడియేటర్ ముందు నల్లతాడుకు దిష్టి గవ్వలు. వేగం పెరిగితే గాలికి ఊగి రేకుకు కొట్టుకుంటున్నాయి. ఇంజన్ విప్పి కట్టిన ప్రతి బండికీ ఉస్తాద్ ఇలాంటివి బంపర్‌కు కట్టేవాడు. నా మొదటి ఇంజన్ కదా, ఎందుకైనా మంచిదని నేను లోపల ఇంజన్ దగ్గరే కట్టాను.

చటుక్కున జేబులో వేసుకుని ఏదో స్క్రూ బిగించానని చెప్పేవాణ్ణే. కానీ నా భుజం మీంచి ఆమె చూడనే చూసింది.

"ఎవరు కట్టారు బాబూ ఇవి?"

"నేనే అమ్మా. ఇంజన్‌కు దిష్టి తగలొద్దని."

"దిష్టి సంగతేమో గానీ, వారం నుంచి ఈయనకి నిద్ర లేదు."

లెక్చరర్ గారు వంగి గవ్వలను వేలితో కదిపారు. ఎవరూ అడక్కుండానే, మెల్లగా, "టక్" అన్నారు.

గవ్వలను వెనక బంపర్‌కు బిగించి కారెక్కాను.

"సార్, పంజాగుట్ట షెడ్డు ముందు నుంచి జర స్పీడ్‌గ పోనియ్యుండ్రి. చప్పుడు లేదని వాళ్ళు సుత వినాలె."