నేరుగా ఫిర్యాదు దగ్గరికే

మహబూబాబాద్ మార్కెట్ దారిలో ఆటో దిగగానే మిర్చి ఘాటు ముక్కుకెక్కింది. తుమ్మి తుమ్మి కళ్లలో నీళ్లొచ్చాయి. నసీమక్క మీద కోపం కూడా వచ్చింది: ఇంత తొందరగా కన్నుమూయాలా మనిషి! బస్టాండు వెనక వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసు ఆమెది. నా మొదటి ఉద్యోగం అక్కడే. ఆమెకో మొండి అలవాటుండేది. ఏ పేజీ పూర్తయినా మా కంప్యూటర్లో చూసి ఒప్పుకునేది కాదు. టీ కొట్టు దగ్గరికి దిగి, ఎవరి చేతిలో పాత ఫోను కనబడితే వాళ్లకు లింకు పంపి, "జర నొక్కి చూడన్నా, ఏం కనబడ్తాంది?" అని అడిగేది.

ఒకసారి ఒక విత్తనాల కంపెనీకి పేజీ చేశాం. పైన నొక్కితే తెరుచుకునే నాలుగు ట్యాబులు, చివరిది ఫిర్యాదులు. ఆ ఏడాది బయ్యారం వైపు వాళ్ల విత్తనం వేసిన మిరప చేలు కాయలేదు. ఫిర్యాదు అందితే కంపెనీ మనుషులు వచ్చి చేను చూడక తప్పదు. కానీ మొక్క నిలబడి ఉండగానే చూడాలి. దున్నేశాక ఎవరూ నమ్మరు. పేజీ చేసింది మేమేనని తెలుసుకుని లచ్చవ్వ అనే కౌలు రైతు ఆఫీసుకొచ్చి ఫోను నా ముందు పెట్టింది. కంపెనీ పంపిన లింకు నొక్కితే మొదటి ట్యాబే తెరుచుకుంటోంది: ఎర్రగా నిగనిగలాడే కాయలు, కొత్త విత్తనం ప్రకటన. చివరి ట్యాబు ఆ చిన్న తెర మీద కనబడడమే లేదు.

"నా చేన్ల కాయే లేదు బిడ్డా, గీ బొమ్మలు నాకెందుకు? పట్టాదారు ఐతారం దున్నిపిస్తనంటుండు. ఫిర్యాదు ఏడ రాయాలె?"

నసీమక్క మొహం ఎర్రబడింది. "ఇంటికి పిలిచి వాకిట్లనే నిలబెడ్తరా ఎవరన్నా?" అంటూ నా పక్కకు కుర్చీ లాక్కుంది. ఫిర్యాదుల ట్యాబుకు ఒక పేరు పెట్టి, ఆ పేరును లింకు చివర తగిలించి, అది కనబడితే పేజీ నేరుగా ఆ ట్యాబునే తెరిచేలా నాతో రాయించింది. లచ్చవ్వ అక్కడే కూర్చుని ఫిర్యాదు పంపింది, కొత్త లింకును ఊరి గ్రూపులోనూ వేయించుకుంది.

సాయంత్రానికల్లా కంపెనీ మేనేజరు ఫోను చేశాడు. ఫిర్యాదులు కుప్పలుగా వస్తున్నాయట. "ఆ లింకు తీసేయండి. లేకపోతే మీకిచ్చిన పనంతా వెనక్కి తీసుకుంటాం."

"తీస్కోండి సార్. దాచిపెట్టుడు నాతోని కాదు" అని నసీమక్క ఫోను పెట్టేసింది.

నాకు భయం పట్టుకుంది. "అక్కా, మనకున్న పెద్ద పని గదొక్కటే గదా" అన్నాను.

"అయితే? లచ్చవ్వకున్నది గా ఒక్క చేనే" అంది.

పని పోయింది. కానీ దున్నించడానికి ఒక్కరోజు ముందు, శనివారం, కంపెనీ మనుషులు బయ్యారం వచ్చి, లచ్చవ్వ చేనులో నిలబడి ఉన్న మొక్కలను చూసి రాసుకుపోయారు. నసీమక్క ఆ రోజు ఆఫీసులో అందరికీ బిర్యానీ తెప్పించింది, జీతాలెట్లా ఇస్తుందో ఏమో అనుకుంటూనే మేం తిన్నాం.

ఇప్పుడు నాకూ ఒక ఆఫీసుంది. "లింకు మొదటి పేజీకి ఇస్తే చాలు, వాళ్లే వెతుక్కుంటారు" అనేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. ఎందుకు వెతుక్కోవాలి? అవసరమున్న మనిషిని అవసరమున్న చోటుకే తీసుకెళ్తాను. కుదరదంటే వేరే ఆఫీసు చూసుకోమంటాను. పోయినవారం ఒకాయన అలాగే విసురుగా లేచాడు. తలుపు దాకా వెళ్లి సాగనంపాను.