డ్యూటీ దిగాక మళ్లీ బస్సు

సబ్బుల గురించి అడిగి రమ్మన్నప్పుడు ఆవిడ తడబడలేదు. దోమల మందు గురించి, టీవీ సీరియళ్ల గురించి, ఆఖరికి ఏ పక్కకి తిరిగి పడుకుంటారో కనుక్కోమని పరుపుల కంపెనీ వాళ్లు పంపినప్పుడు కూడా తడబడలేదు. అట్టకి కాగితాలు బిగించుకుని ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడగడం పదకొండేళ్లుగా ఆవిడ ఉద్యోగం. తిరిగే వీధుల్లో అందరూ ఆవిడకి ప్రశ్నలమ్మ అని పేరు పెట్టేశారు. ఆవిడ వస్తోందంటే కొందరు తలుపేసుకునేవారు, కొందరు కుర్చీ వేసేవారు. ఆవిడకి రెండూ ఒకటే. అలాంటి మనిషి ఈసారి కొత్త ఫారం చేతికి రాగానే మొదటి ప్రశ్న దగ్గరే నిలబడిపోయింది.

‘గత నెల రోజుల్లో మీరు ఏ ఏ వీడియో గేములు ఆడారు?’

“ఇవేంటో నాకు బొత్తిగా తెలీదండీ,” అంది సూపర్వైజరుతో.

“మీకు తెలియక్కర్లేదమ్మా. వాళ్లు చెప్పింది రాసుకురండి, చాలు. సబ్బుల సర్వేకి వెళ్లినప్పుడు మీరేమన్నా సబ్బు తయారుచేశారా?”

“స్నానమైతే చేశాను కదండీ,” అని గొణుక్కుంటూ బయల్దేరింది.

మొదటి ఇల్లు ఒక రిటైరైన కాంపౌండరుది. ప్రశ్న వినగానే ఆయన ఇంతెత్తున లేచాడు. “గేములా? నేనా? ఈ వయసులో నాకేం పట్టిందమ్మా!” అంటూనే ఒళ్లో ఉన్న ఫోను మీద పేకముక్కల్ని ఒకదాని కింద ఒకటి సర్దుతున్నాడు.

“మరి అదేంటండీ?”

“ఇదా? ఇది ఆట కాదు. బుర్రకి వ్యాయామం. డాక్టర్లే చెప్తున్నారు.”

ఆవిడ గుమ్మం బయటికొచ్చి సూపర్వైజరుకి ఫోన్ చేసింది. ముక్కలు కదుల్తున్నాయా అని అడిగాడాయన. “ఆయన కదిపితే కదుల్తున్నాయండీ,” అంది. అయితే రాసేయమన్నాడు. రాసింది. ఆటలాడేవాళ్ల జాబితాలో తనని చేర్చారని కాంపౌండరు మొహం మాడ్చుకుని, ఇవ్వబోయిన మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

మర్నాడు ఒక కుట్టుపని చేసే ఆవిడ ఇంటికి వెళ్లింది. ఆవిడ చొక్కాకి చెయ్యి అతుకుతూ అతుకుతూ, ఫోను టింగుమనగానే మిషను ఆపేసింది. “ఒక్క నిమిషం వదినా, టమాటాలు కోతకొచ్చాయి. ఇప్పుడు కొయ్యకపోతే కుళ్లిపోతాయి,” అని అటు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత పావుగంట సేపు తన పొలం సంగతులు చెప్పింది. ఎకరం కొన్నదట, బావి తవ్వించిందట. పక్క పొలం ఆవిడ దేవతట. తను పెళ్లికెళ్లి మూడు రోజులు రాకపోతే ఆవిడే నీళ్లు పెట్టిందట. ప్రశ్నలమ్మ వృత్తి అన్న గడిలో ‘కుట్టుపని, వ్యవసాయం’ అని రాసుకుని వచ్చేసింది.

సాయంత్రాలు ఆఫీసులో ఒకరి ఫారాలు ఒకరు సరిచూసుకోవాలి. ఆవిడ ఫారాలు చూసే పిల్ల కొత్తగా చేరింది. లావుపాటి కళ్లజోడు, ఏ మాటకైనా ముందు నవ్వు. ఆ ‘వ్యవసాయం’ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

“అక్కా, ఆ పొలం ఫోన్లోది!”

“మరి పక్క పొలం ఆవిడ?”

“ఆవిడ నిజం మనిషేనక్కా. ఎక్కడో ఉంటుంది, ఆవిడా ఆడుతుంది.”

“పొలం ఉత్తుత్తిదీ, పొరుగావిడ నిజమూనా?”

“అంతే.”

ఆవిడకి తల తిరిగిపోయింది. వ్యవసాయం కొట్టేసింది గానీ, మూడు రోజులు నీళ్లు పెట్టినావిడని ఏ గడిలో రాయాలో అర్థం కాలేదు.

నాలుగో రోజున అసలు సంగతి బయటపడింది. ఎవరి వీధి వాళ్లు చెయ్యకూడదని సర్వేలో నియమం. అందుకని ప్రశ్నలమ్మ ఉండే వీధిని కళ్లజోడు పిల్లకి ఇచ్చారు. ఆ ఫారాలు సరిచూసే పని ఈవిడకి పడింది. ఫారం మీద పేర్లుండవు. ఇంటి నంబరు, వయసు, వృత్తి మాత్రమే ఉంటాయి. తొమ్మిదో ఫారం మీద తన ఇంటి నంబరే ఉంది.

‘పురుషుడు. యాభై రెండు. సిటీ బస్సు డ్రైవరు. ఆడే ఆట: బస్సు తోలే ఆట. ఎంతసేపు: రోజుకి రెండు గంటలు. ఎవరితో: ఒంటరిగా. ఎప్పటి నుంచి: రెండేళ్లు.’ ఎందుకు ఆడుతున్నారన్న దానికి కాలక్షేపం, స్నేహితులు, గెలుపు అని అచ్చువేసిన మూడు గడులూ వదిలేసి ‘ఇతరం’ దగ్గర టిక్కు పెట్టి ఉంది. పక్కన ఆ పిల్ల గుండ్రటి అక్షరాలు: ‘బ్రేకు వేస్తే ఎవరూ పడరు.’

ఇంటి నంబరు తప్పు పడిందేమో అనుకుంది ముందు. తర్వాత లెక్క వేసుకుంది. ఆయన మొదటి ట్రిప్పుకి చీకటితోనే వెళ్తాడు. పన్నెండున్నరకి డ్యూటీ దిగి ఇంటికొస్తాడు. అప్పటికి తను ఏదో వీధిలో ఎవరి గుమ్మంలోనో ఉంటుంది. ఆరింటికి తను వచ్చేసరికి ఆయన మంచం మీద ఉంటాడు. పడుకున్నారా అంటే, ఊఁ అంటాడు. ఆ నిద్ర చెడుతుందేమోనని ఆవిడ ఇన్నాళ్లూ తలుపు గొళ్లెం కూడా చప్పుడు కాకుండా తీస్తోంది.

“ఏమన్నారే ఆయన?” అని అడిగింది కళ్లజోడు పిల్లని.

“అయ్యో, అది మీ ఇల్లా అక్కా? నాకు తెలీదు, ఒట్టు. అయినా ఒక ఇంటి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని నాకు నేర్పింది మీరేగా!”

“ఇంకొకళ్లనా నేను?”

ఆ పిల్ల కాసేపు నసిగింది. “ఏం లేదక్కా. టీ పెట్టిచ్చారు. బాగా మాట్లాడారు. ముప్పావుగంట అయింది నేను లేచేసరికి.”

టీ సంగతికి నొచ్చుకోలేదు గానీ ఆ ముప్పావుగంట మాత్రం ఆవిడకి ముల్లులా దిగింది. ఇంట్లో ఆయన నోటి వెంట వచ్చే మాటలన్నీ కలిపితే వారానికి ముప్పావుగంట అవుతాయో లేదో!

ఆ సాయంత్రం అడిగేద్దామనే ఇంటికెళ్లింది. ఏమనాలో తెలిస్తే కదా! పేకాటో తాగుడో అయితే ఎలా గొడవ పడాలో ఆవిడకి తెలుసు. ఇంకో ఇల్లు పెట్టినా తెలుసు. పదకొండేళ్లుగా గుమ్మాల్లో నిలబడి అలాంటి కథలు బోలెడు విన్నది. పెళ్లాం చూడకుండా బస్సు తోలే మొగుణ్ణి ఏమని నిలదీస్తారు? అన్నం వడ్డిస్తూ రెండుసార్లు ఆయన మొహంలోకి చూసింది. ఎప్పటిలాగే ఉన్నాడు. కందిపోయిన కళ్లు, చొక్కా జేబులో లైసెన్సు.

మర్నాడు రెండింటికి, చెయ్యాల్సిన ఇళ్లు ఇంకా నాలుగుండగానే ఇంటికొచ్చేసింది. కిటికీలోంచి చూసింది. ఆయన యూనిఫాం కూడా విప్పలేదు. కుర్చీ అంచున కూర్చుని ఫోన్ని రెండు చేతులా పట్టుకుని మొత్తం ఒళ్లు కుడిపక్కకి వంచుతున్నాడు. నెమ్మదిగా నిటారుగా అయ్యాడు. ఆగాడు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు అలాగే ఉండి, పెదాలు కదిపాడు. “మెల్లిగా, మెల్లిగా. తొందరేం లేదు.”

ఆవిడ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. దొరికిపోయినవాడిలా ఉలిక్కిపడతాడనుకుంది. ఆయన ఒక వేలు ఎత్తి, “ఉండు, ఒక్క నిమిషం. ఇంకో స్టాపుంది,” అన్నాడు. మొగుడు ఎవరెవరినో దింపేదాకా ఆవిడ సంచీ భుజానే వేసుకుని నిలబడింది.

“ఎవరు పడ్డారు?” అంది.

ఆయన ఫోను బల్ల మీద బోర్లించాడు.

“పోయినేడు వానల్లో. ఎవడో బైకు అడ్డంగా తెచ్చాడు. బ్రేకు కొట్టాను. వాడు బతికాడు. వెనక నిలబడ్డ పెద్దావిడ పడింది. చేతిలో మొక్క ఉంది, చిన్న కుండీలో. కుండీ పగల్లేదు. మణికట్టు విరిగింది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“డిపోలో విచారించి నా తప్పేం లేదని రాశారు. తప్పు లేనిది ఏమని చెప్పను?”

ఆవిడ మంచం మీద కూలబడింది. కోపం వచ్చింది, జాలి వచ్చింది, రెండూ కాసేపు తోసుకున్నాయి. చివరికి అర్థమైపోయిందనిపించి కాస్త ఊపిరి పీల్చుకుంది.

“అందుకా ఇది ఆడుతున్నారు?”

“కాదు.”

“కాదేంటండీ! మీరే చెప్పారుగా, ఫారంలో ఉంది.”

“ఆ పిల్ల ఏదో ఒకటి చెప్పండి అంకుల్, గడి ఖాళీగా వదలకూడదు అంది. నోటికొచ్చింది చెప్పాను. ఆవిడ పడక ముందు నుంచీ ఆడుతున్నాను.”

నిజమే. ఫారంలో రెండేళ్లని ఉంది. చేతికి చిక్కిన ముడి మళ్లీ జారిపోయింది.

“మరెందుకు? కాలక్షేపానికా?”

“కాదు.”

“గెలవడానికా?”

“బస్సులో గెలిచేదేముంటుందే? టైముకి చేరడమే.”

“పొద్దుట్నుంచీ తోలి వస్తారు. నడుం నొప్పంటారు. వచ్చి మళ్లీ అదే బస్సు!”

“అదే బస్సు కాదు,” అన్నాడాయన. నిజంగానే ఆలోచిస్తున్నాడు. నుదురు ముడిపడింది. “ఏమో. బాగుంటుంది.”

జవాబుంటే దాచే మనిషి కాదని ఆవిడకి తెలుసు. అడిగితే చెప్తాడు, కాకపోతే తనే ఎప్పుడూ అడగలేదేమో. ఆ ఆలోచన కూడా ఆవిడకి ఎటూ తేలలేదు.

“తోలి చూస్తావా?” అని ఫోను ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ కుడి అనుకున్నది బస్సుకి ఎడమైంది. బస్సు పేవ్‌మెంటెక్కి దీపస్తంభాన్ని రాసుకుంటూ పోయింది. “అద్దం చూడు! వెనక ఎవరున్నారో చూడకుండా తిప్పకూడదు!” అని ఆయన పక్కనుంచి కేకలు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన అంత గట్టిగా ఏదీ నేర్పించలేదు. ఎదురుగా లారీ రాగానే “బ్రేకు! బ్రేకు!” అని అరిచాడు. ఆవిడ రెండు బొటనవేళ్లతోనూ నొక్కేసింది. బస్సు టక్కున ఆగింది. లోపల బొమ్మ మనుషులు ఒక్కరూ కదల్లేదు, రాతిలో చెక్కినట్టు నిలబడ్డారు.

“చూశావా!” అన్నాడు.

ఏం చూడాలో ఆవిడకి తెలియలేదు. తల మాత్రం ఊపింది. తర్వాత అడిగింది, “ఆవిడ ఇప్పుడెలా ఉంది?”

“తెలీదు. ఆస్పత్రిలో రాసుకున్న అడ్రసుంది. ఒకసారి వెళ్లాను. తలుపు కొట్టలేక వచ్చేశాను.”

“తలుపులు కొట్టడానికి నేనున్నానుగా,” అంది ప్రశ్నలమ్మ.

ఆయన వారపు సెలవు రోజున ఇద్దరూ వెళ్లారు. రెండు బస్సులు మారి, చివరి స్టాపులో దిగి, ఒక సందులో మూడో ఇల్లు. వరండాలో నాలుగైదు పూలకుండీలు. ఆవిడ తలుపు తట్టింది. తెల్లటి జుట్టు పెద్దావిడ వచ్చింది. రెండు చేతులూ చక్కగానే ఉన్నాయి. కుడిచేత్తోనే తలుపు తీసింది.

డ్రైవరు ఒక అడుగు ముందుకొచ్చాడు. “అమ్మా, నేను... ఆ రోజు బస్సు నడిపింది నేనేనండీ.”

“ఏ రోజు నాయనా?”

“మీరు పడ్డ రోజు. చెయ్యి విరిగింది కదండీ.”

పెద్దావిడ చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. “విరిగింది మెట్ల మీద కదూ? ఈ మెట్ల మీదే జారాను. బస్సెక్కి నాకెన్నేళ్లయిందో!” లోపలికి తిరిగి, “అమ్మాయీ, నేను బస్సులో పడ్డానా?” అని కేకేసింది. లోపలున్న కూతురి జవాబు నీళ్ల చప్పుడులో సగమే వినిపించింది. “అమ్మకి ఏదీ గుర్తుండదండీ,” అన్నట్టే ఉంది. లేక “అమ్మకి ఏదీ కాలేదండీ,” అందో! కూతురు బయటికి రాలేదు. పెద్దావిడ మాత్రం ఇద్దరినీ కూర్చోమని బలవంతం చేసి, మంచినీళ్లిచ్చి, మెట్ల మీద జారిన సంగతి మొదట్నుంచి చెప్పింది. డ్రైవరు చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

తిరిగి స్టాపుకి నడుస్తుంటే ఆయన రెండుసార్లు వెనక్కి చూశాడు.

“ఇల్లు అదే.”

“నంబరు సరిగ్గానే ఉంది. నేను చూశాను.”

“మొహం కూడా అలాగే ఉంది. వరండాలో మొక్క కూడా ఉందిగా.”

“మొక్కలు ఎవరింట్లో ఉండవండీ?”

“ఆవిడే అయుంటుందా?”

“ఏమో మరి.”

సంవత్సరం పైగా మోసిన బరువుని ఎవరి గుమ్మంలో దింపాలో తెలీక మళ్లీ భుజాన వేసుకున్నవాడిలా నడిచాడు. కాసేపయ్యాక ఉన్నట్టుండి నవ్వాడు. ఆ నవ్వు దేనికో ఆవిడ అడగలేదు. ఆయన ‘ఏమోనే’ అంటాడని తెలుసు.

బస్సొచ్చింది. జనం పల్చగా ఉన్నారు. డ్రైవరు వెనకే ఉన్న సీట్లో ఇద్దరూ కూర్చున్నారు. నడుపుతున్నవాడు కుర్రవాడు, కాస్త దూకుడు. మొదటి స్టాపు దగ్గర పడుతుండగా ఆవిడ కిందికి చూసింది. భర్త కుడిపాదం చెప్పులో మెల్లగా నేలని నొక్కుతోంది. బస్సు ఆగేదాకా నొక్కి, ఎక్కేవాళ్లు ఎక్కాక తీశాడు. రెండో స్టాపు దగ్గరా అంతే.

“ఏం చేస్తున్నారు?” అంది.

“ఏం లేదే,” అన్నాడు. నిజంగానే ఆయనకి తెలిసినట్టు లేదు. మూడో స్టాపులో చంటిపిల్లనెత్తుకుని ఒకామె ఎక్కింది. ప్రశ్నలమ్మ లేచి సీటిచ్చి, పైనున్న కడ్డీని గట్టిగా పట్టుకుని నిలబడింది.