చివరి పేజీలో లేని మంట

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పుస్తకం చేతిలో పట్టుకుని, అక్షరాలను కళ్ళతో చూస్తూ, వాటిలో లేనిదాన్ని పైకి చదివాను. దాన్ని నమ్మి పెద్దవాళ్ళు ఇద్దరి బతుకులు తీర్మానించారు. నా పేరు చెప్పను, ఆ నవల పేరూ చెప్పను. పిరికితనమే అనుకోండి. అది కూడా నిజమే.

మహారాష్ట్ర అంచున, గోదావరి ఒడ్డున ఉన్న సిరోంచలో అప్పట్లో ఒక చిన్న వాచనాలయం ఉండేది. ఒక గది, రెండు బల్లలు, ఒక పుస్తకాల బీరువా. నేను దాన్ని తెరిచి మూసేవాణ్ణి. నాల్గో తరగతి దాకా మరాఠీ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. సినిమా పోస్టర్ల మీద, కిరాణా పొట్లాల కాగితాల మీద చూసి నేనే కూడబలుక్కున్నాను. తర్వాత బీరువాలో ఉన్నవన్నీ చదివాను, గోదావరి దాటి ఎవరు వచ్చినా పుస్తకం తెమ్మని అడిగాను. రెండు భాషల్లోనూ పుస్తకం చదివి చెప్పగలవాడు ఈ ఊళ్ళో ఒక్కడే అని జనం అనేవారు. నాకు ఆ మాట తిండి కంటే ఎక్కువగా ఉండేది.

సాయంత్రాలు కొందరు పిల్లలు వచ్చేవారు. బడిలో వాళ్ళకు మరాఠీయే. ఇంట్లో మాట్లాడే తెలుగును చదవడం మాత్రం రాదు. నేను నేర్పాను. వాళ్ళలో అందరికంటే చురుకైన పిల్లను ఇక్కడ సారక్క అని రాస్తాను. అది ఆమె పేరు కాదు. ప్రాణహిత ఒడ్డున వరి వేసే రైతు కూతురు. నన్ను కాకా అని పిలిచేది. చదివిన ప్రతి పుస్తకం గురించి ముందు నాకే చెప్పేది.

అలా ఉండగా బడికి కొత్త లెక్కల సార్ వచ్చాడు. మంచిర్యాల వైపు చదువుకున్నవాడు, తెలుగూ మరాఠీ రెండూ వచ్చినవాడు. ఆయన ఒక తెలుగు నవల తెచ్చి తొమ్మిదో తరగతి పిల్లలకిచ్చాడు. ఇంకా రాని కాలం గురించిన కథ. ఆ దేశంలో పిల్లలకు పన్నెండేళ్ళు నిండగానే సర్కారు వాళ్ళను వేరే ఇళ్ళకు కేటాయిస్తుంది. ఏ ఇంట్లో పనికి చేతులు తక్కువైతే ఆ ఇంటికి. కన్నవాళ్ళకు మరుపు మందు పోస్తారు. ఒక పిల్ల మాత్రం మరిచిపోవడానికి ఒప్పుకోదు.

నేనూ అడిగి తీసుకున్నాను. సగం కూడా చదవలేదు. ఎందుకు? కష్టమైన భాష కాదు. అందులో నాకు తెలిసిన రాజు లేడు, ఊరు లేదు, దేవుడు లేడు. రానే రాని కాలం గురించి ఏడవడమేమిటని విసుగొచ్చింది. అంతేనా? కాదు. ఆ పుస్తకం నా చేతిమీదుగా పిల్లలకు వెళ్ళలేదు. అదీ నా కోపం. పక్కన పడేశాను. సార్ అడిగితే మాత్రం మొత్తం చదివానన్నాను. ఆ తరగతిలోనే ఉన్న సారక్క కూడా అడిగింది: "చివర్ల నీకెట్ల అనిపించింది కాకా?" మంచిగనే ఉందన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, వెళ్ళి రెండో బల్ల దగ్గర కూర్చుంది. నేను చదవలేదని తెలుసుకుందనే నా అనుమానం. ఆ తర్వాత ఆమె పుస్తకాల గురించి నాతో మాట్లాడటం తగ్గించింది. నేను దాన్ని ఆమె పొగరు అనుకున్నాను.

ఇంతలో సారక్క తండ్రి ఆమెను తొమ్మిదితో మాన్పించి చామోర్షిలో పెద్దమ్మ ఇంటికి పంపాలని అనుకున్నాడు. అక్కడ చిన్నపిల్లలున్నారు, చూసుకునే మనిషి కావాలి. అప్పుడు ఆ పిల్ల ఇంట్లో ఒక మాట అంది. తండ్రి ఆ మాట మోసుకుని నేరుగా బడికి వచ్చాడు. హెడ్మాస్టరు, తాలూకా నుంచి వచ్చిన చదువుల శాఖ సాహెబు, ఇద్దరూ నాగపూర్ వైపు వాళ్ళు. తెలుగు అక్షరం రాదు. పుస్తకంలో ఏముందో చెప్పమని నన్ను పిలిపించారు. లెక్కల సార్ గోడకానుకుని నిలబడ్డాడు. సారక్కను గుమ్మం బయట నిలబెట్టారు.

తండ్రి నన్ను చూడగానే మొదలుపెట్టాడు. "నువ్వే చెప్పన్నా. 'నన్ను పెద్దమ్మ ఇంటికి కేటాయించినవా నాయినా' అంటది! కేటాయింపట! నా బిడ్డ ఏమన్న కంట్రోల్ బియ్యమా, కేటాయించనీకి? ఇంట్ల ఆడోళ్ళంత నోళ్ళు తెరిచిండ్రు. గిసొంటి మాటలు నేర్పనీకేనా బడి?"

నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

నేను సగం దాకా కథ మరాఠీలో చెప్పాను. అక్కడి దాకా నిజమే చెప్పాను. సాహెబు విని, "శేవటీ కాయ్ హోతే?" అన్నాడు. చివరికి ఏమవుతుందని.

నాకు తెలియదు, సగమే చదివాను. అంత చిన్న మాట. అది చెప్పి ఉంటే పుస్తకాన్ని ఇంకెవరికైనా ఇచ్చేవారు, నది అవతలి నుంచి ఎవరినైనా పిలిపించేవారు. కాని గుమ్మం అవతల సారక్క వింటోంది. నేను చదవలేదని ఆ పిల్ల ముందు ఒప్పుకోవాలా? ఆమెకు అక్షరాలు దిద్దించినవాణ్ణి నేను. నోరు తెరిచాను, కథ దానంతటదే వచ్చింది. ఆ పిల్ల తనకు కేటాయించిన ఇంటికి నిప్పు పెడుతుంది అన్నాను. అడవిలోకి పారిపోతుంది. అక్కడ తుపాకులు పట్టుకున్నవాళ్ళు ఆమెను చేర్చుకుంటారు.

మా జిల్లా కొత్తగా విడిపడిన రోజులవి. నది దాటి తుపాకుల దళాలు అడవుల్లోకి వస్తున్నాయని ఊరూరా చెప్పుకుంటున్నారు. సాయంత్రమైతే పోలీసు జీపులు తిరుగుతున్నాయి. ఆ గదిలో ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలుసు. అందరూ నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. ఇది కూడా రాయాలి. నచ్చింది.

లెక్కల సార్ ముందుకొచ్చాడు. "అన్నా, ఏంది గిది? నువ్వు పుస్తకం మొత్తం చదివినవా?"

"చదివిన."

"అయితే గీ పేజీ చదువు. అందరి ముంగట చదువు."

చివరి పేజీ తెరిచి నా చేతుల్లో పెట్టాడు. పేజీ ముందుంటే ఏ మనిషీ అబద్ధమాడలేడని ఆయన నమ్మకం. మరాఠీలో చదివి వినిపించమన్నాడు సాహెబు. నేను ఆ పేజీని మొదటిసారి చూశాను. పైకి చదవకముందే కళ్ళు కిందిదాకా వెళ్ళొచ్చాయి. అర్థమైంది. ఇంకా సమయం ఉంది అప్పటికి. పొరబడ్డాను, వేరే కథతో కలిపేసుకున్నాను అంటే క్షమించేవారు.

మంటనే చదివాను. అడవిని చదివాను. తుపాకులను చదివాను. వేలు మాత్రం వరుసల మీద సరిగ్గానే నడిపించాను, ఒక వరుస అయ్యాక ఇంకో వరుస మీదికి, ఎక్కడా తొందరపడకుండా.

సార్ అరిచాడు, మరాఠీలోనూ తెలుగులోనూ. పుస్తకం ఇచ్చింది నువ్వే కదా, నువ్వు అలాగే అంటావులే అన్నాడు సాహెబు. అప్పుడు గుమ్మంలోంచి సారక్క లోపలికి వచ్చేసింది.

"గట్ల లేదు కాకా! నీకు కనిపిస్తలేదా? గాడ మంట ఏడున్నది?"

"నోర్ముయ్యి!" తండ్రి ఆమె రెక్క పట్టి లాగాడు. "చూసిండ్రా సాబ్? పెద్దోళ్ళ మాటకు అడ్డం వస్తది. గిదే నేర్చింది పుస్తకంల."

నిజం చెప్పిన ఒక్క పిల్ల నా అబద్ధానికి సాక్ష్యమైపోయింది. నేను పుస్తకం మూశాను.

లెక్కల సార్‌ను అడవి లోపలి జింగనూర్ బడికి పంపారు. అక్కడికి కూడా పోలీసులు వెళ్ళి రెండు మూడుసార్లు ఆయన్ను అడిగారని విన్నాను. వర్షాలు పడేలోపే ఉద్యోగం వదిలి నది దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎక్కడైనా పాఠం చెప్పనిచ్చారో లేదో నాకు తెలియదు. సారక్క పదో తరగతి చదవలేదు. చామోర్షికే పంపారు. నువ్వు లేకుంటే నా బిడ్డ ఆగమయ్యేదని ఆమె తండ్రి నా చేతులు పట్టుకున్నాడు. దోసకాయలు పంపాడు. తిన్నాను.

పుస్తకాన్ని నా బీరువాలోనే పెట్టి తాళం వేయమన్నారు. అప్పుడు చదివాను, మొదటి నుంచి. అది పిల్లలకు ఇవ్వాల్సిన పుస్తకమేనా? మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అందులో భయపెట్టే చోట్లున్నాయి. ఒక తల్లి మరుపు మందు తాగే చోట నేనే పుస్తకం కింద పెట్టి బయటికి వచ్చి నిలబడ్డాను. పద్నాలుగేళ్ళ పిల్ల అది తట్టుకుంటుందా అని ఒక తండ్రి భయపడితే తప్పు పట్టలేను. కాని సారక్క తట్టుకుంది. తట్టుకోవడమే కాదు, తన ఇంట్లో జరుగుతున్నదానికి ఒక పేరు దొరికింది ఆమెకు. ఆ పేరు వినడం ఇంట్లోవాళ్ళకు కష్టమైంది. దాని మీద తగువు పడాల్సింది, పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకోవాల్సింది. ఎటో ఒకవైపు తేలేది. నేను దాన్ని తేలనివ్వలేదు. ఆ గదిలో ఎవరూ ఆ నవల మీద తీర్పు చెప్పలేదు. నేను అల్లిన కథను నిషేధించారు. నా కథ బడికి పనికిరానిదే, అందులో సందేహం లేదు.

సారక్కను ఒకసారి చామోర్షి దారిలో, ఆష్టిలో చూశాను. బస్సు ఆగింది. కింద చంకలో పిల్లతో నిలబడి కిటికీల వంక చూస్తోంది, ఎవరికోసమో. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. బస్సు కదిలేదాకా ఒకే వార్తను చూస్తూ కూర్చున్నాను. ఏం వార్తో ఇప్పుడు కూడా చెప్పలేను.

ఎందుకు చేశాను? అసూయ అంటే సులువు. సగమే చదివానని చెప్పడానికి సిగ్గు అంటే అదీ నిజమే. కాని పేజీ చేతిలో ఉన్నప్పుడు చేసిందానికి ఆ రెండూ సరిపోవు. ఆ పిల్ల నాకంటే ముందు ఆ చివరికి చేరింది, నేను లేకుండా చేరింది. దాన్ని ఆమె దగ్గర్నుంచి లాక్కోవాలని ఉండింది నాకు. ఇంతకంటే లోపలికి వెళ్ళడం నాకు చేతకావడం లేదు.

ఆ పేజీలో ఉన్నది ఇది. ఆ పిల్ల తప్పించుకుని తన సొంత ఇంటికి వస్తుంది. తల్లి గుర్తుపట్టదు. ఇక్కడ ఒక అమ్మాయి ఉండేది కదా అని పిల్ల అడుగుతుంది. నాకు తెలియదు తల్లీ, కాని రోజూ అన్నం వడ్డించేటప్పుడు ఒక పళ్ళెం ఎక్కువ పెడుతున్నాను, ఎందుకో అర్థం కాదు అంటుంది తల్లి. పిల్ల వెళ్ళి ఆ పళ్ళెం ముందు కూర్చుంటుంది.

అంతే ఉంది. దాన్ని మరాఠీలో చెప్పడానికి నేను ఒక్క మాటకు కూడా వెతుక్కోవాల్సిన పని లేదు. చెప్పాల్సిన గదిలో చెప్పలేదు. వినాల్సినవాళ్ళు ఇక్కడ లేరు. అయినా మొదటిసారి ఆ పేజీని ఉన్నది ఉన్నట్టు చదివాను.