తోడికోడలి కారవాన్, నా మడత బండి

నేను స్వయంగా బాగుచేసిన బండిలో నేనే చిక్కుకుపోయి, మా తోడికోడలు అందించిన స్ట్రాతో కాఫీ తాగిన వైనం చెబుతాను. మీరు నవ్వుతారని తెలుసు. కానివ్వండి, ఆ రోజు క్యాంపుగ్రౌండంతా నవ్వింది, మీరొక లెక్కా.

వనజ మా మరిది భార్య. వాళ్ళు పాయింట్ కుక్‌లో, మేం క్రెయిగీబర్న్‌లో ఉంటాం. మధ్యలో మెల్‌బోర్న్ అంతా ఉన్నా అసూయకి ట్రాఫిక్ అడ్డం రాదు. ఒక ఆదివారం వెళ్తే వాళ్ళ డ్రైవ్‌వేలో కొత్త కారవాన్ తెల్లేనుగులా నిలబడి ఉంది. లోపల ఫ్రిజ్, షవర్, మెత్తటి మంచం. వనజ నా చెయ్యి పట్టుకుని అంతా తిప్పి చూపించింది. పాపం, ఆ పిల్లకి గొప్పలు పోవడం కూడా రాదు. నాకు అదే ఇంకా మంట. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. మా వనజ నవ్వనైనా నవ్వలేదు, ఇడ్లీలు పెట్టింది. అవి తింటూనే నేను లోలోపల ఏడ్చాను.

తిరిగొచ్చే దార్లో మా ఆయన మురళితో మనమూ ఒకటి కొనాలన్నాను. మన తాహతుకి టెంటు చాలన్నాడు. నేను ఊరుకుంటానా? వెతికి వెతికి ఒక పాత పాపప్ క్యాంపర్ పట్టాను. కారు వెనక లాక్కెళ్ళే పెట్టె అది. హ్యాండిల్ తిప్పితే కప్పు పైకి లేచి, చుట్టూ కాన్వాస్ గోడలు విచ్చుకుని గది అవుతుంది. అమ్మినాయన కప్పు లేపి చూపిస్తుంటే ఎలుకలు సకుటుంబంగా దిగి వెళ్ళాయి.

ఇక శని ఆదివారాలన్నీ దానికే ధారపోశాను. తుప్పు గీకాను, రంగు వేశాను, పాత చీరలు చించి కర్టెన్లు కుట్టాను. కుట్లలోంచి నీళ్ళు కారుతున్నాయని సీలెంట్ అనే జిగురు డబ్బా తెచ్చి, పెళ్ళికూతురికి నలుగు పెట్టినట్టు ఒళ్ళంతా పట్టించాను. అప్పుడు వనజ వాళ్ళని పిలిచాను, లాంగ్ వీకెండ్‌కి సముద్రం దగ్గర క్యాంపింగ్‌కి వెళ్దామని.

అక్కడ కప్పు సాఫీగా లేచింది. నా గర్వం ఇంకా పైకి లేచింది. అందరూ టీ తాగుతుంటే, తలుపు జిప్ ఒక్కటే బలహీనంగా ఉందనిపించి, పై నుంచి కింది దాకా ఆ జిగురే మరో పూత పూశాను. ఆరిందో లేదో చూసే ఓపిక ఎవరికుంది? లోపలికి వెళ్ళి జిప్ మూసేసి, బకెట్‌తో నీళ్ళు పొయ్యమని వనజకి పురమాయించాను.

పోసింది. ఒక్క చుక్క రాలేదు. మహారాణిలా బయటికి రాబోతే జిప్ కదల్లేదు. మురళి బయట్నుంచి లాగాడు, మరిది లాగాడు, పక్క టెంటు తెల్లాయన వచ్చి లాగాడు. ఎండ ఎక్కుతోంది, లోపల నేను కుడుములా ఉడుకుతున్నాను.

కిటికీ దోమతెరలో నేను కుట్టడం మర్చిపోయిన చిరుగు ఒకటుంది. అందులోంచి వనజ స్ట్రా దూర్చింది. "చల్లటి కాఫీ అక్కా, నెమ్మదిగా తాగు."

"నవ్వొస్తే నవ్వు వనజా, ఆపుకోకు."

"నవ్వెందుకు? నాకు కుళ్ళుగా ఉంది," అంది గొంతు తగ్గించి. "ఆ కారవాన్ ఆయన ముచ్చట. ఇందులో ప్రతి కుట్టూ నీది. పైగా ఎవరూ లోపలికి రాలేరు. నాకలాంటి గది ఒక్కటుంటే చాలు."

నేను స్ట్రా వదిలేశాను. ఇన్నాళ్ళూ ఏ మంటలో నేను వేగానో, అదే మంట అవతలి పక్కా ఉందన్నమాట. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం పైకి చెప్పుకోకూడనిది, అయినా చెప్పేశాను.

చివరికి మురళి కూరగాయల కత్తితో కాన్వాస్ కోసి నన్ను బయటికి లాగాడు. ఆ ఔదార్యపు వేడిలో నేను, "బండి నువ్వే తీసుకో వనజా," అనేశాను. ఒక్కసారి కూడా మొహమాటపడకుండా తీసుకుంది.

కొత్త జిప్ వేయించింది. ఇప్పుడు ఎక్కడ ఆపినా జనం మూగి, ఇలాంటివి ఈ రోజుల్లో దొరకవంటూ ఫోటోలు తీసుకుంటున్నారట. నా చీరల కర్టెన్లకి మరీ మెచ్చుకోళ్ళట. నాకు నిద్ర పట్టడం లేదు.

అందుకని గ్యాస్ స్టవ్ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకపై అసూయతో ఏదీ కొనను. కొన్నా బాగుచెయ్యను. బాగుచేసినా మా వనజకి మాత్రం చచ్చినా ఇవ్వను.